బాబాయి ఏ ఊళ్ళో నిలబడ్డాడు?

పోయిన నెల నందిగామలో మా చెల్లెలు సునీత ఇంటికి వెళ్ళాను. సునీత మా దానియేలు బాబాయి కూతురు. జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో దిగి, ముందుగా ఫోనైనా చెయ్యకుండా గేటు తీసుకుని సరాసరి వంటింట్లోకి వెళ్ళిపోగలిగిన ఇల్లు నాకు ఈ వయసులో అదొక్కటే మిగిలింది. దాని కూతురు షారోన్ హైదరాబాదులోని ఏదో కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట ల్యాప్‌టాప్‌లో ఒక ఆట ఆడుకుంటుంది. తెర మీద ఏదో రోడ్డు ఫోటో వస్తుంది. పేరు ఉండదు, ఊరు ఉండదు. చుట్టూ తిప్పి చూసుకుని, అది ప్రపంచంలో ఎక్కడిదో మ్యాపులో గుర్తు పెట్టాలి. ఎంత దగ్గరగా పెడితే అన్ని మార్కులు.

"పెద్దమ్మా, ఇది చూడు. ఇండియానే అని తెలుస్తోంది గానీ ఎక్కడో అర్థం కావట్లా," అంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మట్టిరోడ్డు, పక్కన కోత అయిపోయిన చేను, దూరంగా తుమ్మచెట్టు కింద రెండు ఎద్దులు. "ఆ ఎద్దుల దగ్గరికి పోనివ్వు. కొమ్ములు చూడాలి," అన్నాను. పిల్ల నవ్వుకుంటూనే దగ్గరికి తెచ్చింది. కొమ్ములు చెవుల దగ్గర మొదలై ఆకాశంలో అర్ధచంద్రుడిలా తిరిగి ఉన్నాయి. "గుజరాత్. అందులోనూ పైభాగం," అన్నాను. పెట్టింది. అసలు చోటికీ మేం పెట్టిన చోటికీ మధ్య ఒక్క జిల్లా దూరం తేడా వచ్చింది.

షారోన్ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "నువ్వు గుజరాత్ ఎప్పుడెళ్ళావు?"

"వెళ్ళలేదే."

"మరి ఎట్టా తెలుసు?"

"మా నాయనమ్మ చెప్పింది."

"ఆవిడ వెళ్ళిందా?"

"ఆవిడ జీవితంలో బెజవాడ దాటింది ఒక్కసారే తల్లీ. అదీ మీ తాతను వెతుక్కుంటూ."

ఆ పిల్లకు ఆ సంగతి తెలియదట. సునీతకు కూడా ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆ మధ్యాహ్నం వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కాస్త తీరుబడిగా రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో మాది ఊరి చివర రెండు గదుల పెంకుటిల్లు. నాన్న చుట్టుపక్కల పల్లెల్లో ప్రాథమిక పాఠశాల పంతులు. ఆయన చొక్కా జేబు దగ్గర ఎప్పుడూ ఎర్రసిరా మరక ఉండేది, మనిషి దగ్గరికొస్తే సుద్దముక్క వాసన వచ్చేది. నాయనమ్మకు చదువు లేదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసి, ఆ వేలిని తలకు రాసుకునేది. పొద్దున్నే గంజి తాగి, కొంగులో వక్కా ఆకూ మూటగట్టుకుని, ఆడవాళ్ళతో కలిసి పెనుగంచిప్రోలు వైపు మిరపచేలకు కూలికి పోయేది. మిరపకోతల కాలంలో ఆవిడ చేతులు ఎంత కడిగినా ఘాటు వదిలేది కాదు. మాకు కంట్లో నలుసు పడితే ఊదేదే తప్ప వేలు తగలనిచ్చేది కాదు. ఆవిడ ఇంటికొచ్చిందని మాకు అడుగుల చప్పుడు కన్నా ముందు మా తుమ్ములే చెప్పేవి.

బాబాయి లారీ డ్రైవరు. మిరపకాయలతో ఢిల్లీ, గుజరాత్, సిమెంటుతో నాగపూర్, ఇంకా ఏవేవో సరుకులతో కలకత్తా, గౌహతి. నెలకోసారో రెండు నెలలకోసారో ఇంటికొచ్చేవాడు. కలకత్తాలో ఎవరి దగ్గరో పాత డబ్బా కెమెరా ఒకటి కొన్నాడు. దారిలో బండి ఆగినచోటల్లా ఒక ఫోటో తీసేవాడు. తాజ్‌మహల్ లాంటివి తీసేవాడు కాదు. టైరు పంక్చరైన చోటు, టీ తాగిన చోటు, స్నానం చేసిన కాలవగట్టు, అవే ఆయనకు ఇష్టం. రీలు పేటలోనే బజారు స్టూడియోలో కడిగించేవాడు. శనివారం తెచ్చుకున్న ఫోటోలను ఎవరికీ చూపించకుండా దాచి, ఆదివారం గుడి నుంచి వచ్చాక వేపచెట్టు నీడలో నులకమంచం వాల్చి, దాని మీద పేకముక్కల్లా పరిచేవాడు.

"చెప్పండి, ఇది ఏ ఊరు?"

అదీ ఆట. ముందుగా చెప్పినవాళ్ళకు బాబాయి తెచ్చిన తాయిలంలో మొదటి ముక్క. అది ఆగ్రా గుమ్మడికాయ మిఠాయి కావచ్చు, నాగపూర్ కమలాపండు కావచ్చు. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి ఒక మాట అనేసి వెళ్ళేది. మా తాతకు, అంటే నాన్న నాన్నకు, అప్పటికే చూపు సరిగా ఆనేది కాదు. ఆయన ఏ ఫోటో చేతికిచ్చినా కాసేపు కంటికి ఆనించుకుని, "బెజవాడ," అనేవాడు. మంచుకొండ ముందు లారీ నిలబడి ఉన్నా బెజవాడే. "ఏదో ఒకరోజు బెజవాడ ఫోటో పెడతాడు, ఆ రోజు నేనే గెలుస్తా," అని మా అందరికీ చెప్పేవాడు. బాబాయి నిజంగానే ఒకసారి కృష్ణ ఒడ్డున తీసిన ఫోటో పెట్టాడు. ఆ రోజు తాత గుర్రుపెట్టి నిద్రపోయాడు.

నాన్న పద్ధతి పంతులు పద్ధతి. కొట్ల మీద బోర్డులుంటే చాలు, ఫలానా లిపి, ఫలానా రాష్ట్రం అని తేల్చేసేవాడు. "పైన గీత ఉంటే హిందీ, గీత కింద త్రికోణాలుంటే బెంగాలీ, గొడుగులు పట్టుకుని నిలబడితే ఒరియా." బోర్డు లేని ఫోటో వస్తే ఆయన దగ్గర ఇక మాట ఉండేది కాదు. అక్కడ నాయనమ్మ మొదలుపెట్టేది. మిరపచెయ్యి అంటకుండా ఫోటోను రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, చాలాసేపు చూసేది.

"ఇక్కడ నల్లరేగడి," అంది ఒకసారి.

"నలుపూ తెలుపూ ఫోటోలో మట్టి రంగేం తెలుస్తుందమ్మా?" అన్నాడు నాన్న.

"రంగెందుకురా? పగుళ్ళు చూడు. కాలు దిగేంత పగిలింది. ఎర్రనేల అట్టా పగులుద్దా?"

ఇంకోసారి పుల్లలు కట్టలు కట్టి గుడిసెల్లాగా నిలబెట్టిన ఫోటో వచ్చింది. మేమంతా పొయ్యిలోకి కట్టెలన్నాం. ఆవిడ, "కాదు, మన గోగు లాంటిది. నీళ్ళల్లో నానేసి నార తీశాక ఆ పుల్లలు ఆరబెట్టారు. ఎక్కడ చూసినా అవే ఉన్నాయంటే ఆ ఊళ్ళో జనానికి అదే పని," అంది. బాబాయి మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "బెంగాలమ్మా! జనపనార! నువ్వు చూసొచ్చావా ఏంది?" ఆవిడ చేతులు కడుక్కోవడానికి కూడా ఆగకుండా మిఠాయి ముక్క నోట్లో వేసుకుంది. ఆడవాళ్ళు బిందె చంకన పెట్టుకుంటే బావి దగ్గర్లోనే ఉన్నట్టు. నెత్తిన రెండు బిందెలుంటే నీళ్ళకు దూరం పోవాలన్నట్టు. ఎద్దు కొమ్ములు, గడ్డివాము కట్టే తీరు, ఇంటి చూరు వాలు, అన్నీ ఆవిడకు అక్షరాలే. పొలం పని చేసిన మనిషి ఇంకెవరి పొలాన్నయినా చదవగలదని నాకు అప్పుడే తెలిసింది. తరవాత నేను సాంఘికశాస్త్రం టీచరునై ముప్పై ఏళ్ళు పిల్లలకు నేలల రకాలు చెప్పాను గానీ, ఆ పాఠం ఆవిడకన్నా బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ ఆట తాత పోవడంతో ఆగిపోయింది. బాబాయి అప్పుడు అస్సాం దారిలో ఉన్నాడు. లారీ ఆఫీసుకు టెలిగ్రామ్ ఇచ్చారు గానీ అది ఆయన వెనకాలే ఊరూరా తిరిగింది. సమాధి మీద మట్టి ఆరిపోయాక ఒక సాయంత్రం, ఏమీ తెలియక, చేతిలో మిఠాయి పొట్లంతో నవ్వుతూ వచ్చాడు. ఖాళీ మంచం చూసి గుమ్మంలో కూలబడ్డాడు. ఎంత ఏడ్చాడో నాకు గుర్తుంది. కానీ నాన్న అప్పటికి అన్ని రోజులూ ఒక్కడే అన్నీ మోసి ఉన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"దేశమంతా తిరిగి ఫోటోలు తెచ్చి చూపిస్తావు. నాన్న ఆఖరిచూపుకి మాత్రం నీకు దారి దొరకలేదు."

బాబాయి లేచి నిలబడ్డాడు. మెడలోని కెమెరా తీసి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. క్రిస్మస్‌కి వస్తాడనుకున్నాం. అమ్మ అరిసెలు ఆయన వంతు విడిగా డబ్బాలో పెట్టింది. మరుసటి క్రిస్మస్‌కీ పెట్టింది. హైదరాబాదులో లారీ అప్పజెప్పి వేరే ఎవరి దగ్గరో చేరాడని మాత్రం తెలిసింది. నాయనమ్మ నాన్నను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రెండేళ్ళూ ఆవిడ నాన్నతో అన్నం తినమనడానికీ, పీట జరపమనడానికీ తప్ప మాట్లాడగా నేను వినలేదు.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. వానాకాలంలో ఒకరోజు పోస్టుమాన్ కవరు ఒకటి ఇచ్చాడు. తపాలా ముద్ర వానకు అలుక్కుపోయి ఉంది. లోపల ఉత్తరం లేదు. ఒక్క ఫోటో. బాబాయి ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నాడు, అంతే. నాన్న కవరు మీది చిరునామా చూసి, "చూడు, 'జ' అచ్చం నాలాగే రాశాడు, కానీ వంకరటింకర. రాయడం కూడా మర్చిపోయాడు వెధవ," అన్నాడు. కవరు తడిని మాత్రం చొక్కా అంచుతో మెల్లగా అద్దాడు.

నాయనమ్మ ఫోటో తీసుకుని వేపచెట్టు కిందకి వెళ్ళింది. చాలాసేపటికి తలెత్తి, "ఆట పెట్టాడురా. కనుక్కొని రమ్మంటున్నాడు," అంది.

"ఆటలా? మనిషి బతికున్నాడో లేదో తెలీక మనం చస్తుంటే ఆటలా?" అని నాన్న ఫోటో లాక్కుని బీరువా మీద పడేశాడు. మర్నాడు బడి నుంచి రాగానే సంచిలోంచి బడిలోని భూతద్దం బయటికి తీశాడు. అమ్మ నన్ను చూసి నవ్వింది, నేను అమ్మను చూసి నవ్వాను.

ఆ ఫోటో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. బాగా వాలుగా దిగిన పెంకుల చూరు. ఇంటి పక్కగోడకు పైనుంచి కిందదాకా ఆకులతో అల్లిన తడక కట్టారు. వెనక సన్నటి చెట్లు, కర్రలు పాతినట్టు వరసగా. కుడి అంచున ఒక బోర్డు, అందులో సగం కోసుకుపోయి మూడు నాలుగు అక్షరాలే కనిపిస్తున్నాయి. గుమ్మం పైన తెల్లటి మచ్చ, ఫోటో చెడిందన్నాడు నాన్న. గుమ్మం చీకట్లో ఎవరో అమ్మాయి, సగమే కనిపిస్తోంది.

"తెలుగు బోర్డే. మన రాష్ట్రంలోనే ఉన్నాడు," అన్నాడు నాన్న మొదటిరోజే. రెండు మూడు రోజులు ఆ అక్షరాలతో ఏ మాటా కుదరలేదు. నేను భూతద్దం అడిగి తీసుకుని చూశాను. అప్పట్లో నాకు తలకట్టు సరిగా పెట్టడం లేదని రోజూ చీవాట్లు పడుతుండేవి, అందుకే నా కళ్ళు ముందు అక్కడికే పోయాయి. "నాన్నా, మన తలకట్టు నువ్వు నోటుపుస్తకాల్లో రైటు కొట్టినట్టుగా పైకి లేస్తుంది కదా. ఇక్కడ అడ్డంగా పడుకుంది," అన్నాను. నాన్న భూతద్దం లాక్కున్నాడు. కాసేపటికి నా నెత్తిన చెయ్యి వేశాడు. "కన్నడం! అమ్మా, కన్నడం!" అని అరిచాడు. రెండేళ్ళలో ఆయన నాయనమ్మను పిలిచి చెప్పిన మొదటి మాట అదే.

ఆ తరవాత ఆ ఇద్దరూ ఆగలేదు. రోజూ సాయంత్రం ఆ ఫోటో మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. "గోడకు కూడా తడక కట్టారంటే వాన పైనుంచి కాదురా, పక్కనుంచి కొడుతుంది. మట్టిగోడ కరిగిపోకుండా కప్పుకున్నారు. అంత వాన మనమెప్పుడన్నా చూశామా?" అంది ఆవిడ. చెట్లు కొబ్బరి కాదు, ఈత కాదు. ఒంటి నిండా కణుపులు, ఆకుల కింద గెల. "పోకచెట్లు. రోజూ నేను నమిలే వక్క," అంది. నాన్న ఆదివారం లారీల అడ్డాకు వెళ్ళి ఒక ముసలి డ్రైవరును పట్టుకొచ్చాడు. ఆయన మంచినీళ్ళు తాగి, ఫోటో చూసి, "పంతులుగారూ, కన్నడం మాట్లాడే దేశంలో ఇంత వాన, ఇంత వక్క అంటే హుబ్లీ అవతల కొండలేనండి. శిరసిలో వక్కల మార్కెట్టుంది, ఒకసారి నేను లోడెత్తా," అన్నాడు.

ఇంకొకటి కూడా జరిగింది. ఊరి కోసం వెతుకుతూ వెతుకుతూ నాన్న చూపు మెల్లగా ఫోటో మధ్యకు జరిగింది. ఒకరోజు భూతద్దం బాబాయి ముఖం మీదే ఆగిపోయింది. "చిక్కిపోయాడమ్మా," అన్నాడు. ఇంకోరోజు, "ఈ కనుబొమ్మ మీద మచ్చ ఎప్పటిది?" అనడిగాడు. "నువ్వు కొట్టిందే. చిన్నప్పుడు గూటీబిళ్ళ ఆడుతూ," అంది ఆవిడ. నాన్న భూతద్దం సంచిలో పెట్టేసి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. మరోరోజు నాయనమ్మే అంది: "కాళ్ళకు చెప్పుల్లేవు చూడు. దారిన పోయేవాడైతే చెప్పులుంటాయి. చెప్పులు విడిచి నిలబడ్డాడంటే అది ఇల్లనుకుంటున్నాడు. ఆ గుమ్మంలో పిల్ల కెమెరాను చూడట్లేదు, వీణ్ణి చూస్తోంది." ఆ వారం సంతలో ఆవిడ పచ్చంచు చీర ఒకటి కొంది. ఎవరికని అమ్మ అడిగితే, "ఉండనీ," అంది.

దసరా సెలవులకు నాన్న, నాయనమ్మ, నేను బయల్దేరాం. నేనెందుకని నాన్న అంటే, "అక్షరం పట్టింది అదే గదా, రానీ," అంది నాయనమ్మ. బెజవాడలో రైలెక్కాం. నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఫోటోల్లో చూసినవన్నీ ఎదురుగా వస్తుంటే పాత చుట్టాల్ని పలకరించినట్టు పలకరించింది. "అదిగో, బళ్ళారి ఎడ్లు. మీ బాబాయి తెచ్చిన ఫోటోలో ఉన్నవే." హుబ్లీలో దిగి బస్సెక్కాం. కొండలు, మలుపులు, రోడ్డు మీదికి వంగిన అడవి. నాయనమ్మ నోట్లో వక్క నమలడం కూడా మర్చిపోయి చూసింది.

శిరసిలో మాత్రం మా తెలివి అంతా అయిపోయింది. వక్కల మార్కెట్టులో నాన్న తన ఇంగ్లీషూ హిందీ కలిపి అందరికీ ఫోటో చూపించాడు. తల అడ్డంగా ఊపారు. బోర్డు మీది సగం అక్షరాలు ఒకాయన చదివి పెట్టాడు. అది సహకార సంఘం బోర్డట. ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఒకటుందట! నాన్న బస్టాండులో బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "రెండు నెలలు చదివి ఇక్కడికొచ్చి తప్పానమ్మా," అన్నాడు.

నాయనమ్మ ఎదురుగా ఉన్న ఇళ్ళను చూస్తోంది. ఉన్నట్టుండి, "ఆ అద్దం తియ్యి," అంది. "గుమ్మం పైన తెల్లగా మచ్చ ఉందన్నావే, ఫోటో చెడిందని. అది చూడు."

నాన్న చూశాడు. ఎదురింటి గుమ్మం పైకి చూశాడు. అక్కడ సున్నంతో చిన్న సిలువ గీసి ఉంది. మళ్ళీ ఫోటో చూశాడు. మచ్చ కాదు, సిలువే.

ఆ తరవాత అంతా సులువైపోయింది. సిలువ గీసుకున్న ఇల్లయితే గుడివాళ్ళకు తెలియకుండా ఉండదని ఊళ్ళో చర్చి వెతుక్కుంటూ వెళ్ళాం. అక్కడి ఫాదరుగారు వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. నాన్న నమస్కారం పెట్టి ఫోటో ఇచ్చాడు. ఆయన తడిచెయ్యి తుడుచుకుని ఒక్కసారి చూసి, ఇంగ్లీషులో, "లూసీ వాళ్ళ ఇల్లు. మీ మనిషి పోయిన వారం కూడా గుడికొచ్చి వెనక వరసలో కూర్చున్నాడు," అన్నారు. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ నాన్న ముఖం చూసి, గుడి మెట్ల మీద అలాగే మోకాళ్ళూనింది.

సాయంత్రానికి ఫాదరుగారు చెప్పిన పల్లెలో బస్సు దిగాం. ఊరంతా వక్క ఉడికే వాసన, వగరుగా, కొత్తగా. వానలు వెళ్ళిపోయాయి కాబట్టి గోడలకు తడకలు తీసేశారు. నేను ఇల్లు గుర్తుపట్టలేదు గానీ సంఘం బోర్డు కనిపించింది. దాని పక్కింటి వాకిట్లో పెద్ద రాగి కాగు కింద మంట ఎగదోస్తూ, చొక్కా లేకుండా, మసిగొట్టుకుని బాబాయి!

చేతిలో కర్ర అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "అమ్మా... ఎట్టా కనుక్కున్నారు?"

"నువ్వే గదరా ఫోటో పంపావు," అంది నాయనమ్మ.

"ఏ ఫోటో?"

నాన్న జేబులోంచి తీసి చూపించాడు. బాబాయి చూసి, "ఇది నా పెట్టెలో ఉండాలే! నేను పంపలేదన్నయ్యా," అన్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి ఆ అమ్మాయి బయటికొచ్చింది. మెడలో కొలతటేపు వేలాడుతోంది. ఊళ్ళోవాళ్ళకు బట్టలు కుట్టేదట. తల దించుకుని, "నానే కళిసిద్దు," అంది. నేనే పంపాను అని. బాబాయి ఆమెతో కన్నడంలో ఏదో గబగబా అడిగాడు, ఆమె మెల్లగా బదులు చెప్పింది. ఆయన చేతిలో కర్ర మంటలో పడేసి మా వైపు తిరిగాడు.

సంగతేమిటంటే, ఆ దారిన లోడుకి వచ్చిన బాబాయికి విషజ్వరం తగిలితే లూసీ, వాళ్ళమ్మ చూసుకున్నారు. బతికి బట్టకట్టాక ఆయన లారీ వదిలేసి అక్కడే సంఘం వ్యాను నడుపుతూ ఉండిపోయాడు. పెళ్ళి మాట వచ్చింది. ఈయన, "మా అమ్మ రాకుండా చేసుకోను," అన్నాడు. మరి రాయమంటే, "రాయను. ఏ ముఖంతో రాసేది?" అన్నాడు. ఏడాది గడిచింది. చివరికి ఆ పిల్లే, పండక్కి ఎవరో తీసిపెట్టిన ఫోటోను కవరులో పెట్టింది. బాబాయి బైబిలు లోపలి అట్ట మీద నాన్న ఎప్పుడో తన చేత్తో రాసిన మా చిరునామా ఉంటే, ఒక్క అక్షరమూ తెలియకపోయినా, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దాన్ని బొమ్మలా దించింది. ఉత్తరం ఎందుకు లేదంటే తెలుగు రాదు కాబట్టి. ఎవ్వరూ ఏ ఆటా పెట్టలేదు!

నాయనమ్మ అందరికన్నా ముందు నవ్వింది. మూటలోంచి పచ్చంచు చీర తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "రెండు నెలల్నుంచీ నిన్ను చూస్తున్నానే. ముఖం ఇప్పుడు కనపడింది," అంది తెలుగులోనే. ఆమెకు అర్థమైనట్టే ఉంది, కళ్ళు తుడుచుకుంది.

నాన్న కాగు దగ్గరే నిలబడి ఉన్నాడు. "దానియేలూ, ఆ రోజు నేనన్న మాట..."

"వదిలెయ్యన్నయ్యా."

"వదిలెయ్యడం కాదు. అనకూడని మాటన్నాను. నువ్వు దారిలో ఉన్నావని నాకు తెలుసు. తెలిసే అన్నాను." పంతులుగారు తప్పు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బాబాయి మసిచేతులతోనే ఆయన్ని పట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద రెండు నల్లటి చేతుల గుర్తులు పడ్డాయి. అమ్మ తరవాత ఎంత ఉతికినా అవి పోలేదు. నాన్న ఆ చొక్కానే బడికి వేసుకుని వెళ్ళేవాడు.

పెళ్ళి ఆ క్రిస్మస్‌కి జగ్గయ్యపేటలో అయింది. లూసీ పిన్ని తెలుగు నేర్చుకుంది, ఇప్పటికీ కోపమొస్తే కన్నడమే వస్తుంది. నందిగామలో కుట్టుమిషను పెట్టి ఈ ఇల్లు నిలబెట్టింది ఆవిడే. బాబాయి ఇప్పుడు లేడు. ఆ మధ్యాహ్నం నేను ఇదంతా చెబుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, "అది అట్టా కాదు, నేను తల దించుకోలా," అని రెండుచోట్ల నన్ను దిద్దింది.

షారోన్ అంతా విని, "ఇప్పుడైతే అమ్మమ్మ ఒక్క లొకేషన్ పంపితే అయిపోయేది కదా పెద్దమ్మా. రెండు నెలల తిప్పలు తప్పేవి," అంది. నిజమే. ఫోను వచ్చాక మంచే జరిగిందని నేనూ అంటాను. తాత పోయినరోజున బాబాయి చేతిలో ఫోనుంటే ఆ మాట అనాల్సిన పనే ఉండేది కాదు, పడాల్సిన పనీ ఉండేది కాదు. మా ఇంటికి ఎవరైనా బయల్దేరితే ఇప్పుడు నేనూ ఫోనులో ఆ నీలం చుక్క ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే బియ్యం కడుగుతున్నాను. కానీ చుక్కను చూస్తే మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది, అంతే. నాన్నకు ఆ రోజు చుక్క దొరికి ఉంటే ఆ వారమే వెళ్ళి, కోపంతోనే వెళ్ళి, ఏమని ఉండేవాడో నాకు తెలియదు. రెండు నెలలు సాయంత్రమల్లా భూతద్దం పట్టుకుని తమ్ముడి కాళ్ళూ కనుబొమ్మా చూశాక ఆయన దగ్గర కోపం మిగల్లేదు. ఒక మనిషిని అంతసేపు చూస్తే అది నిలబడదనుకుంటాను.

మొన్న షారోన్ స్నేహితులతో నాలుగు రోజులు ఎక్కడికో వెళ్ళింది. లొకేషన్ ఆపేసి, నాకొక ఫోటో పంపింది. ఏదో వంతెన మీద నిలబడింది, వెనక నది. కింద, "కనుక్కో పెద్దమ్మా," అని రాసింది. మూడు రోజులుగా చూస్తున్నాను. వంతెన కమ్మీల రంగు, పడవల ముక్కు, ఒడ్డున ఆరేసిన వలలు, అన్నీ చూశాను. ఊరు ఇంకా అందలేదు. పిల్ల మాత్రం కాస్త చిక్కింది. ఆదివారానికి అది తిరిగొస్తుంది, పీతల కూర చేసి పట్టుకుని నందిగామ వెళ్తున్నా.